వినపడని నాకింగు

"నీకు చెవుడొచ్చింది బాషా. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే నా కారు ఇంకెవడికైనా ఇచ్చుకునేవాణ్ణి కదా!"

వీరరాఘవయ్యగారు ఈ మాట మెకానిక్కు షెడ్డులోకి వచ్చి చెవిలో చెప్పొచ్చు. చెప్పలేదు. తిరువూరు బస్టాండు ఎదురుగా టీకొట్టు దగ్గర, భద్రాచలం బస్సు కోసం నిలబడ్డ జనమంతా వినేలా అన్నాడు. అనేసి, కండువా దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. చాంద్‌బాషా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. టీ మీద మీగడ కట్టింది.

"ఇంతకీ ఏంటంట కారుకి?" అన్నాడు బెంచీ మీద ఒకాయన.

"నాకింగంట."

"అంటే?"

"ఇంజను నాకుద్దన్నమాట."

"ఏం నాకుద్ది?"

"పెట్రోలు నాకుద్ది. అది అయిపోతే బాషా చెవి నాకుద్ది."

అందరూ నవ్వారు. టీకొట్టువాడు కూడా నవ్వాడు. వాడి మోపెడ్‌ని పోయిన నెలలోనే బాషా బాగుచేసి ఇచ్చాడు. బాషా గ్లాసులోని టీ నేలమీద పారబోసి, గ్లాసుని బెంచీ మీద ఠప్పుమని పెట్టి షెడ్డుకి నడిచాడు.

ఆ ఊళ్ళో అతన్ని చాంద్‌బాషా అని పిలిచేవాళ్ళు తక్కువ. చెవి బాషా అంటారు. బస్టాండు వెనక రేకుల షెడ్డు, దానికి ఆనుకునే ఇల్లు. విస్సన్నపేట నుంచీ, ఇటు నెమలి వైపు నుంచీ జీపులూ, అంబాసిడర్లూ, పాత ఫియట్లూ ఆ షెడ్డుకే వచ్చేవి. వచ్చేది అతని చెవి కోసం. పెట్రోలు ఇంజనుకి నిప్పురవ్వ ఎప్పుడు పడాలో, ఆ టైమింగుని మిగతా మెకానిక్కులు ఇంజను ముందు తిరిగే కప్పీ మీద కంపెనీవాడు గీసిన గీత చూసి పెడతారు. బాషాకి ఆ గీతంటే అసహ్యం. "గీత చూసి టైమింగు పెట్టేవాడు పంచాంగం చూసి ఆకలేసిందనేవాడు" అనేవాడు. అతని పద్ధతి వేరు. బండిని ఎత్తు మీదికి పెద్ద గేరులోనే ఎక్కించి యాక్సిలరేటరు తొక్కుతాడు. ఆగి, బానెట్టు ఎత్తి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరుని కాస్త ముందుకు తిప్పి, మళ్ళీ ఎక్కిస్తాడు. అలా తిప్పుతూ తిప్పుతూ ఉంటే ఒకచోట ఇంజను కడుపులోంచి గాజుపెంకులు రాలినట్టు చప్పుడొస్తుంది. నిప్పు తొందరపడిందని, లోపల గ్యాసు తనంతట తనే పేలుతోందని దానర్థం. అదే నాకింగు. అది వినపడగానే వెంట్రుకవాసి వెనక్కి తీస్తాడు. అక్కడ బిగిస్తే ఆ బండి గుర్రంలా పోతుంది.

వీరరాఘవయ్యగారి కారు మాత్రం వేరే జాతి. ఆయన బావమరిది విశాఖపట్నంలో ఓడ ఇంజనీరు. జపాను నుంచి తెచ్చుకుని, కొన్నాళ్ళు తిప్పి, బావగారికి అంటగట్టాడు. దాని ఇంజనులో పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుం నొక్కుకుపోయిన డబ్బాలాంటి గదిలో మూడు మూలల రోటరు ఒకటి గిరగిరా తిరుగుతుంది. దాని ఒక్కో మూలకీ గోరంత మందాన ఒక లోహపు పట్టీ. ఆ పట్టీ గోడని ఒరుసుకుంటూ తిరిగితేనే లోపలి ఒత్తిడి నిలుస్తుంది. అలాంటి గదులు రెండు, ఒక్కో గదికీ రెండేసి ప్లగ్గులు, వాటికి రెండు డిస్ట్రిబ్యూటర్లు. బాషాకి ఆ ఇంజను చూడగానే ఒళ్ళు పులకరించింది. తన పద్ధతిలోనే ఎత్తు ఎక్కించాడు, తిప్పాడు. చప్పుడు రాలేదు. ఇంకా తిప్పాడు. రాలేదు. రాలేదంటే ఇంకా చోటుందన్నమాటే కదా! ఇంకా తిప్పాడు. కారు బాణంలా పోయింది. ఆ సాయంత్రం వీరరాఘవయ్యగారే భుజం తట్టాడు.

తర్వాత ఆయన భార్య మాణిక్యమ్మగారు నెమలి వెళ్ళి వేణుగోపాలస్వామిని చూసి వస్తుంటే, మిట్టమధ్యాహ్నం దారిలో ఇంజను ఒక్కసారి తుమ్మినట్టు చేసి చచ్చింది. ఆవిడ పట్టుచీరతో వినగడప నుంచి వస్తున్న గడ్డిబండి ఎక్కి ఇంటికొచ్చింది. ఊరంతా చూసింది.

షెడ్డులోకి వచ్చిన బాషా చేతికందిన స్పానరు తీసి గోడకేసి కొట్టాడు. కోపం అతనికి కొత్త కాదు. కోపం వస్తే అది ఎవరిమీదో తెలిసేది, వెళ్ళి వాళ్ళని తిట్టి వచ్చేవాడు, చల్లారేది. ఇప్పటిది అలాంటిది కాదు. ఇది ఇల్లు తెలియని కుక్కలా ప్రతి గుమ్మం ముందూ నిలబడి మొరుగుతోంది. వీరరాఘవయ్య మీద మొరిగింది. నవ్విన టీకొట్టువాడి మీద మొరిగింది. తర్వాత పెట్రోలు బంకు గుర్తొచ్చింది. అక్కడ ఆగింది.

పెట్రోలు రేటు మండిపోతున్న రోజులవి. కిరసనాయిలు కలుపుతున్నారని ఎక్కడ చూసినా గుసగుసలే. కిరసనాయిలు కలిసిన పెట్రోలు ఏ ఇంజన్నైనా నాకింగు చేయించి చంపుతుంది. అంతే, ఇంకేం కావాలి! బాషా ఒక తెల్లకాగితం జేబులో పెట్టుకుని బంకుకి పోయాడు.

బంకు చూసుకునే మరియదాసు కుర్చీలో కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు.

"ఏంటి బాషా, మొహం అలా ఉంది?"

"నీ పెట్రోలు ఓ చుక్క పొయ్యి దీనిమీద."

"ఎందుకు?"

"పొయ్యమన్నానా! కిరసనాయిలు ఉంటే మరక మిగులుద్ది. లేకపోతే ఆరిపోద్ది. నీకు తెలీదా?"

మరియదాసు తాపీగా లేచి, పంపు గొట్టం చివర నుంచి ఓ చుక్క కాగితం మీద పడనిచ్చాడు. ఇద్దరూ వంగి చూశారు. లారీకి డీజిలు కొట్టించుకోడానికి వచ్చిన డ్రైవరు కూడా దిగి చూశాడు. మరక ఎండకి చుట్టూరా ముడుచుకుంటూ వచ్చింది. మధ్యలో చిన్న బొట్టు మిగిలింది. అదీ పోయింది. కాగితం పుట్టినప్పుడు ఎలా ఉందో అలా ఉంది.

"చూశావుగా" అన్నాడు మరియదాసు కాగితం మడిచి బాషా జేబులో పెడుతూ. "ఇందులో ఏం లేదు. ఉంటే గింటే కిరసనాయిలు నీ చెవిలోనే ఉన్నట్టుంది."

డ్రైవరు పగలబడి నవ్వాడు. బాషా మరియదాసు చొక్కా పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తోచలేదు. ఆ చొక్కాలో తప్పు లేదని అతని వేళ్ళకి తెలుసు. వదిలేశాడు. వదిలెయ్యడమే ఎక్కువ మంట పెట్టింది. పెట్రోలులో కిరసనాయిలు ఉండి ఉంటే ఎంత బావుండేది! ఆ ఒక్క మరక కోసం తను దేవుణ్ణి వేడుకున్నంత పని చేశాడని దారిలో తెలిసొచ్చింది. అది తెలియడం అతనికి నచ్చలేదు.

మర్నాడు చచ్చిన ఇంజన్ని విప్పాడు. ఒక మూల పట్టీ రెండు ముక్కలైంది. ముక్క గోడని పొడుగునా గీరేసింది. ప్లగ్గులు తీసి వెలుతురులోకి తెచ్చాడు. తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఆ చుక్కల అర్థం ఏ మెకానిక్కునీ అడగక్కర్లేదు, నాకింగే. గాలిని బలవంతంగా కుక్కే యంత్రమేదీ లేని, తన ఊపిరి తనే పీల్చుకునే ఇంజనది. ఊరికే నాకింగు కొట్టే రకం కాదు. కొట్టుకునేదాకా తిప్పింది తనే. పట్టీ పగిలేదాకా అది కొట్టుకుంటూనే ఉంది. పిస్టను బండి అయితే కొన్నాళ్ళు నాకింగుని ఓర్చుకుంటుంది, మెకానిక్కుకి వినే తీరిక ఇస్తుంది. ఈ పల్చటి పట్టీకి ఆ ఓర్పు లేదు. పైగా దీని పొగగొట్టం మోతలో లోపలి చప్పుడు కలిసిపోతుంది. అంటే చెవి బాగున్నవాడికైనా వినపడేది కాదేమో.

ఆ 'ఏమో' దగ్గర అతను చాలాసేపు కూర్చున్నాడు. అది ఓదార్చలేదు.

దీపాలు పెట్టే వేళ అన్నానికి కూర్చున్నాడు. మస్తాన్‌బీ పచ్చిపులుసు వడ్డిస్తూ చిరాగ్గా కిటికీ వైపు చూసింది.

"ఈ కీచురాళ్ళ గోలేంటో. చెవులు చిల్లులు పడుతున్నాయి."

"కీచురాళ్ళెక్కడివి?" అన్నాడు బాషా. "పత్తికి ఎండ్రిన్ మందు కొట్టి కొట్టి అన్నీ చచ్చాయిగా."

మస్తాన్‌బీ గరిటె పట్టుకున్న చెయ్యి ఆగింది.

"ఎవరన్నారు?"

"ఎవరనడమేంటి. ఈ నాలుగైదేళ్ళుగా ఒక్కటైనా కూసిందా?"

ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. ఆ చూపులో జాలి లాంటిదేదో కదిలింది. బాషా కంచాన్ని తోసేశాడు. పులుసు చాప మీద పారింది.

"ఏంటా చూపు? నేనేమన్నా చచ్చానా!"

"చాప నువ్వే ఉతుకు" అంది మస్తాన్‌బీ.

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వినడానికి ప్రయత్నించాడు. రోడ్డు మీద బస్సు పోయింది, వినపడింది. పక్కింటి బర్రె అరిచింది, వినపడింది. ఆ రెండింటికీ నడుమ ఏముందో తనకి తెలియదు. ఇన్నాళ్ళూ అక్కడ ఏమీ లేదనుకున్నాడు. పెళ్ళాం గాజులు చప్పుడు చెయ్యకపోతే మట్టిగాజులు మానేసి రబ్బరువి వేసుకుంటోందనుకున్నాడు. గిరాకీవాళ్ళు మెల్లిగా మాట్లాడితే భయమనుకున్నాడు. పురుగుమందుకి కీచురాళ్ళు చచ్చాయనుకున్నాడు. ప్రతి నిశ్శబ్దానికీ ఒక్కో కారణం కల్పించి, దానికి తలుపు బిగించాడు. ఇంత తెలివి తనకుందని కూడా అతనికి తెలియదు. రెంచీ పట్టిన నాటి నుంచీ మోత ఇంజన్ల మీద తల వంచి వంచి, ఆ ఇంజన్లు తన చెవిని కొంచెం కొంచెంగా తినేస్తుంటే, దాన్నే నైపుణ్యం అనుకున్నాడు.

ఎవరిమీద కోపమో ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు చల్లారలేదు.

వీరరాఘవయ్యగారు బావమరిది చేత రెండో ఇంజను తెప్పించాడు. దాన్ని బెజవాడ మెకానిక్కులకి చూపిస్తే, "ఇదేం వస్తువండీ, పిండి రుబ్బేదా?" అని నవ్వారట. కాబట్టి మళ్ళీ ఈ షెడ్డే దిక్కయింది. ఆయనకీ ఆ సంగతి గుచ్చుకుంటూనే ఉంది.

"పోయినసారి చెవితో చూశావు. ఈసారి కళ్ళతో చూసి చెయ్యి" అన్నాడు. "ఇదీ పగిలిందంటే ఈ ఊళ్ళో సైకిలుకి గాలి కొట్టమని కూడా నీ దగ్గరికెవడూ రాడు. రానివ్వను."

బాషా పళ్ళు పటపటలాడాయి. అవి తనకి వినపడ్డాయి.

ఈసారి టైమింగు గీత మీదే పెట్టాడు. అసహ్యించుకుంటూనే పెట్టాడు. కానీ ఆ గీత జపాను పెట్రోలుకి, జపాను చలికి గీసింది. మన పెట్రోలుకి, ఈ ఎండలకి అది చాలదేమోనని అనుమానం. వినాలి. బేరింగుల చప్పుడు వినడానికి మెకానిక్కులు స్క్రూడ్రైవరు కొన ఇంజను మీద ఆనించి పిడికి చెవి పెడతారు. నడుస్తున్న కారులో అది కుదరదు. అందుకని జీపు పెట్రోలు పైపు రాగిది ఒకటి తీసి, ఒక కొస సుత్తితో చదును చేసి, బెజ్జం వేసి, ప్లగ్గుల పక్కన ఇంజనుకే బోల్టుతో బిగించాడు. రెండో కొసకి రబ్బరు గొట్టం తొడిగి, కిటికీ గుండా లోపలికి లాగాడు. ఆసుపత్రి కాంపౌండరు దగ్గర పాడైన స్టెతస్కోపు ఒకటి దొరికితే దాని చెవిపుల్లలు గొట్టానికి తగిలించాడు. ఇప్పుడు పొగగొట్టం మోత బయటే ఉంటుంది. ఇంజను లోపల ఏం జరిగినా తిన్నగా చెవిలోకొస్తుంది.

ఒక్కడే విస్సన్నపేట దారిలో ఎత్తు ఎక్కించాడు. చెవుల్లో నది పొంగినట్టు హోరు. హోరు తప్ప ఏమీ లేదు. మళ్ళీ ఎక్కించాడు. ఏమీ లేదు. ఒకప్పుడైతే చప్పుడు లేకపోతే సంతోషించేవాడు. ఇప్పుడు చప్పుడు లేకపోవడానికి అర్థం పోయింది. నిజంగా లేదో, తనకి లేదో ఎవరు చెప్పాలి?

చెట్టు కింద ఆపి, కాలుతున్న ప్లగ్గుని గుడ్డతో పట్టి తీశాడు. నిన్న పెట్టిన కొత్త ప్లగ్గు. తెల్లటి పింగాణీ మీద సన్నగా, అక్కడక్కడా, నల్లటి చుక్కలు. కొడుతోంది. రాగిగొట్టం ఆ చప్పుడుని తెచ్చి చెవిలో పోసినా తనకి వినపడటం లేదు.

ప్లగ్గుని తుమ్మచెట్టు మీదికి విసిరేశాడు. ఆనక తనే కొమ్మల్లో వెతుక్కుని, తిట్టుకుంటూ తెచ్చుకున్నాడు. ఇంక ఎత్తెక్కించకుండా, యాక్సిలరేటరు మీద కాలు ఆనించీ ఆనించకుండా కారుని ఇంటికి చేర్చాడు.

మస్తాన్‌బీ గుమ్మంలో చేటతో బియ్యం చెరుగుతోంది.

"రేపు పొద్దున నాతో రా" అన్నాడు, ఆవిడ వంక చూడకుండా.

"ఎక్కడికి?"

"కారెక్కాలి."

"కారా! ఎవరు పోయారు?"

"నీ మొహం. వస్తావా రావా?"

ఆవిడ చేట కింద పెట్టింది. ఎందుకో తనకి తెలిసినట్టే చూసింది. "అడిగినట్టు అడిగితే వస్తా."

 బాషాకి అడగడమంటే ఒప్పుకోవడమే. "నాకు... అందులో చప్పుడు తెలియట్లా" అన్నాడు. అంత చిన్న మాట అంత గట్టిగా అరవాల్సి వస్తుందని అతను అనుకోలేదు. పక్కింటి వాళ్ళు బయటికొచ్చి చూశారు.

పొద్దున్నే వీరరాఘవయ్యగారు వచ్చేశాడు. తన కారు తనే చూసుకుంటానన్నాడు. ముందు సీట్లో చీరకొంగు తలనిండా కప్పుకుని, చెవుల్లో రబ్బరు గొట్టాలతో కూర్చున్న మస్తాన్‌బీని చూసి నోరు తెరిచాడు.

"ఇదేంటయ్యా! కారుకి ట్రయలా, తిరణాలకి ప్రయాణమా?"

"వెనక కూర్చోండి."

"నా కార్లో నేను వెనకా?"

"అవునండీ. చెవులు ముందుండాలి." బాషా స్టీరింగు మీద చేతులు బిగించాడు. తల తిప్పలేదు. "ఆరోజు బస్టాండులో మీరన్నారే, నాకు చెవుడని. చెవుడే. సన్నటి చప్పుడేదీ నాకు వినపడదు. ఈవిడకి వినపడుద్ది. కావాలంటే మళ్ళీ బస్టాండులో నిలబడి చెప్పుకోండి. ఎక్కుతారా, దిగమంటారా?"

షెడ్డు ముందు ఆగిన ఇద్దరు ముగ్గురు మొహాలు చూసుకున్నారు. వీరరాఘవయ్యగారు చెప్పులు విదిలించి వెనక సీట్లోకి ఎక్కాడు. తలుపు మాత్రం గట్టిగా వేశాడు.

ఎత్తు మొదలైంది. బాషా పెద్ద గేరులోనే ఉంచి తొక్కాడు.

"గుయ్యిమంటోంది" అంది మస్తాన్‌బీ.

"అది కాదు. ఇంకేదైనా."

"ఉండు... అదుగో. ఆవాలు."

"ఏంటి?"

"కాగిన నూనెలో ఆవాలు వేస్తే చిటపటమంటాయే, అలా. ఇదుగో, ఇప్పుడు ఎక్కువైనాయి. ఎక్కువైనాయి మొగుడా, తియ్ కాలు!"

కాలు తీశాడు. "ఇప్పుడు?"

"ఆగినాయి."

బాషా కారాపి బానెట్టు ఎత్తాడు. ఏళ్ళ తరబడి గాజుపెంకుల చప్పుడు కోసం కాచుకున్న చెవి, నిప్పు తొందరపడటాన్ని పట్టే చెవి, ఇప్పుడు అక్కడ కొంగు చాటున ఉంది.  చేతులకి తెలిసిన పని కాబట్టి అవే చేశాయి. రెండు డిస్ట్రిబ్యూటర్లనీ ఒక నలుసంత వెనక్కి తిప్పి బిగించాడు. కార్బురేటరు నుంచి పెట్రోలు కాస్త చిక్కగా దిగేలా పెద్ద బెజ్జం ఉన్న జెట్టు వేశాడు. ఇంజను లోపల వేడి తగ్గించే రకం ప్లగ్గులు బెజవాడ నుంచి తెప్పించి ఉంచాడు, అవి బిగించాడు. మళ్ళీ కిందికి పోయి మళ్ళీ ఎక్కించాడు.

"ఒకటీ అరా" అంది. "గింజలు తక్కువైన పోపులా."

ఇంకో నలుసు తిప్పాడు. ఎక్కించాడు.

"లేవు."

"సరిగ్గా విను."

"లేవు."

"నిండా తొక్కుతున్నా. ఇప్పుడు?"

"లేవంటున్నాగా!" మస్తాన్‌బీ చెవిపుల్లలు పీకి అతని ఒళ్ళో పడేసింది. "నమ్మనివాడివి నన్నెందుకు తెచ్చావు? నా చెవులతో కూడా నువ్వే వినాలా?"

వెనక సీట్లో వీరరాఘవయ్యగారు దగ్గాడు. బాషాకి మొహంలోకి రక్తం ఎగదన్నింది. ఆవిణ్ణి కొట్టాలనిపించింది, ఆవిడ కాళ్ళమీద పడాలనిపించింది. రెండూ ఒకే చోటు నుంచి వస్తున్నాయని అతనికి అర్థమై, రెండూ చెయ్యలేక, కారు దిగి ప్లగ్గు విప్పాడు.

తెల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు.

దాన్ని తెచ్చి వీరరాఘవయ్యగారి ముక్కు ముందు పెట్టాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావుంది. మరి ఈ పనేదో మొదట్లోనే..." అన్నాడు.

"మొదట్లో నాకు తెలీదండీ. తెలిస్తే చెయ్యనా?" బాషా ప్లగ్గు లాక్కున్నాడు. "ఇంకొక్క మాటంటే ఇక్కడే వదిలేసి పోతా. గడ్డిబండ్లు ఈ దారిన కూడా వస్తాయి."

 తిరిగి వచ్చేటప్పుడు కారు మెత్తగా, పులిలా పోయింది. మస్తాన్‌బీ కిటికీ దించుకుని మామిడితోటలు చూసింది.

ఆ తర్వాత కారు నెమలికి, విస్సన్నపేటకి, బెజవాడకి కూడా తిరిగింది. పట్టీ పగల్లేదు. ఊళ్ళో కథ మాత్రం రకరకాలుగా తిరిగింది. ఒకరోజు ఎ.కొండూరు నుంచి జీపు డ్రైవరొకడు షెడ్డు ముందు బండాపి, దిగకుండానే నవ్వాడు.

"టైమింగు చూడాలి బాషా. చెవి ఇంట్లో ఉందా, సంతకి పోయిందా?"

బాషా నూనెగుడ్డ నేలకేసి కొట్టాడు. స్పానరు మీద వేళ్ళు తెల్లబడేలా బిగుసుకున్నాయి. తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. ఆ జీపు చప్పుడులో తనకి వినపడేదెంతో, వినపడనిదెంతో లెక్క కట్టుకున్నాడు. ఇంటివైపు తిరిగాడు.

"ఏమే, ఇట్రా!" అని కేకేశాడు. కోపంగానే.

"నీళ్ళు తోడుతున్నా" అని లోపల నుంచి జవాబొచ్చింది. "ఆగమను."

ఆగమన్నది డ్రైవర్నో తననో తేలలేదు. బాషా పాత టైరు మీద కూర్చున్నాడు. దవడ బిగించుకుని ఆగాడు.